అన్న సైన్యానికి కొబ్బరినూనె

మా ఇంట్లో టీవీ పక్కన ఒక అద్దాల బీరువా ఉంది. ఇదివరకు అందులో అమ్మ పెళ్లినాటి స్టీలు గ్లాసులు, నాన్న బస్సు నడిపే కంపెనీవాళ్లు ఇచ్చిన గోడగడియారం ఉండేవి. ఇప్పుడు వాటిని అటకెక్కించి, రెండు అరల్లో ఒక సైన్యాన్ని నిలబెట్టాం. నెపోలియన్ వెంట రష్యా దాకా నడిచిపోయి, మంచులో పడుతూ లేస్తూ వెనక్కి తిరిగిన ఫ్రెంచి సైన్యం. ఒక్కొక్కడు నా చూపుడువేలి కొస కణుపు కన్నా కాస్త ఎత్తు ఉంటాడు. పక్క ఫ్లాటులోకి కొత్తగా వచ్చిన విజయవాడ ఆవిడ చూసి, "బొమ్మల కొలువు ఇంకా తియ్యలేదాండీ?" అని అడిగింది.

"మా పిలగానియి," అంది అమ్మ. అంతకు మించి చెప్పలేదు.

అవి మా అన్నవి. ఇప్పుడు కొన్ని నావి కూడా. ఏవి ఎవరివో నేనే చెప్పలేను.

అన్న ఒకసారి ఆఫీసు పని మీద లండన్ పోయాడు. వచ్చేటప్పుడు అందరూ చాక్లెట్లు తెస్తే, తను ఒక అట్టపెట్టె తెచ్చాడు. మూత తీస్తే బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు. వాటికి చేతులు విడిగా, తలలు విడిగా, తుపాకులు విడిగా అంటుకుని ఉన్నాయి. అమ్మ ఒక చట్రం ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది.

"గంత దూరం పోయి గివి తెచ్చినవారా? బేగంబజార్ల దొరకవా?"

"ఇవి పిల్లలు ఆడుకునేటివి కావమ్మా."

"మరి?"

"పెద్దోళ్లు ఆడుకునేటివి."

"పెద్దోళ్లు ఎవరు, నువ్వా?"

అప్పటి నుంచి ఆదివారాలన్నీ అన్న ఆ బొమ్మలతోనే గడిపాడు. చట్రం నుంచి ఒక్కో ముక్క తెంపి, అంచులు గీకి, జిగురుతో అతికించి, ముందు ప్రైమర్ అనే బూడిదరంగు అడుగుపూత కొట్టి, ఆరాక సన్నటి బ్రష్షుతో రంగులు వేసేవాడు. సైన్యం తయారయ్యాక బల్ల మీద గుట్టలు, ఇళ్లు అమర్చి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం ఆడాలి. ఆడడానికి అన్నకు ఒక్కడే దొరికాడు. అన్న ఆఫీసులోనే పనిచేసే గోదావరి జిల్లా అతను. కోకాపేటలో ఒక టవర్‌లో చాలా పైన ఉంటాడు. అతనిది ఆకుపచ్చ కోట్ల రష్యా సైన్యం. ఇద్దరూ కలిసి ఒక నియమం పెట్టుకున్నారు. రంగు పడని సైనికుడు బల్ల ఎక్కకూడదు. అందుకే అన్న సైన్యం ఎప్పుడూ చిన్నగానే ఉండేది, ఎప్పుడూ ఓడిపోయేది.

అన్న రంగులు వేస్తుంటే నేను బల్లకు రెండో చివర కూర్చుని చదువుకునేదాన్ని. నాకు నలుగురిలో మాట రాదు. ఆఫీసు మీటింగుల్లో కూడా కెమెరా ఆపేసి కూర్చుంటాను. కానీ చదివింది అన్నకు చెప్పడం మాత్రం వచ్చు. ఆ సైన్యం వెనక్కి వచ్చేటప్పుడు చలికి తట్టుకోలేక దొరికిందల్లా ఒంటికి చుట్టుకున్నారట. కిటికీ తెరలు, తివాచీలు, ఆడవాళ్ల శాలువాలు. నేను ఆ పేజీ చదివి వినిపించిన రోజు అన్న బ్రష్షు పక్కన పెట్టాడు.

"అమ్మ చిలకపచ్చ చీర గుర్తుందా? ఎర్ర అంచుది?"

"ఉంది. చినిగిపోయింది కదా."

"చినిగితే ఏంది. ఒకనికి చుట్టేద్దాం."

నిజంగానే ఒక సైనికుడి భుజాల మీద చిలకపచ్చ గుడ్డ, ఎర్ర అంచు వేశాడు. అమ్మకు చెప్పలేదు. చెబుదామనుకున్నాం, మరిచిపోయాం.

ఒక వానాకాలం శనివారం అన్న సైన్యాన్ని పెట్టెలో సర్దుకుని కోకాపేట బయల్దేరాడు. ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద బండి జారింది. అంతే. దాని గురించి నా డైరీలో కూడా ఇంతకంటే రాసుకోలేదు.

ఎంతసేపటికీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్లింది ఆ స్నేహితుడే. తర్వాత పెట్టె తెచ్చి మా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "రోడ్డు మీద పడిపోయాయండి. కనబడినన్ని ఏరాను. కొన్ని దొరకలేదు," అన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. కొందరి తుపాకులు విరిగాయి, కొందరికి పాదాలు లేవు. అందరి కాళ్ల దగ్గరా బురద ఉంది. అన్న వాళ్ల బూట్లకు, కోటు అంచులకు గోధుమరంగుతో బురద వేసేవాడు, నడిచి నడిచి వచ్చినట్టు కనిపించాలని. ఇప్పుడు అందులో ఏది అన్న వేసిన బురదో, ఏది ఆ రోడ్డుదో తెలియదు. అందుకే నేను వాటిని కడగలేదు.

అన్న పోయాక పిట్టకు పెట్టే రోజు మా వాళ్లందరం శ్మశానం గోడ పక్కకు పోయాం. విస్తరిలో అన్నకు ఇష్టమైనవన్నీ పెట్టారు. మటన్, బగారన్నం, డబల్ కా మీఠా, ఒక కూల్‌డ్రింకు. పెట్టి దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని మా నమ్మకం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరుగా మాట ఇస్తారు.

కాకులు గోడ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు.

మా మేనమామ చేతులు జోడించాడు. "అల్లుడా, మీ అమ్మను నాయనను నేను చూసుకుంట. ఫికర్ పడకు. రా."

రాలేదు. నాన్న విస్తరి వైపు రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు. అప్పుడు అమ్మ ముందుకు వచ్చింది.

"చెల్లె పెండ్లి ఏడాది తిరగకముందే చేస్తం బిడ్డా. దాని పరేషాన్ నీకొద్దు. తిను బిడ్డా, ఇగ తిను."

కాకులు అటూ ఇటూ జరిగాయి గానీ కిందికి దిగలేదు. ఎవరో వెనక నుంచి నన్ను కూడా ఏదైనా అనమన్నారు. తల వంచుకుని, బయటికి వినబడకుండా అనుకున్నాను. సంవత్సరీకం లోపు నీ సైన్యం నేను పూర్తి చేస్తా. మొత్తాన్ని ఒక్కసారన్నా బల్ల ఎక్కిస్తా.

తలెత్తేసరికి ఒక కాకి విస్తరి పక్కన ఉంది. పక్కకు పక్కకు గెంతుతూ వచ్చి మటన్ ముక్క ఎత్తుకుపోయింది.

అందరూ ఒక్కసారిగా ఏడ్చారు. "చూసినవా అక్కా, చెల్లె పెండ్లి మీదనే ఉంది పాణం," అన్నాడు మామ. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది.

అలా ఒకే కాకికి రెండు మాటలు అందాయి. ఏడాదిలోగా ఒకటి అమ్మ తీర్చాలి, ఒకటి నేను.

అన్న గదిలో బూడిదరంగు ప్రైమర్‌తో ఆగిపోయిన సైనికులు చెప్పుల డబ్బాల మూతల్లో నిలబడి ఉన్నారు. అంతవరకు నేను బ్రష్షు పట్టలేదు. అదృష్టం కొద్దీ అన్నకు ఒక అలవాటు ఉండేది. ప్రతి దళంలోనూ ముందు ఒక్కణ్ణి పూర్తిగా రంగు వేసి పక్కన పెట్టుకునేవాడు, మిగతావాళ్లను వాడిని చూసి వెయ్యడానికి. "వీడు ముందు నడిచేటోడు," అనేవాడు. నేను ఆ ముందు నడిచేవాళ్లను చూసి నేర్చుకున్నాను. నీలం కోటు మీద మడతల్లో ముదురు నీలం, మడత పైన లేత నీలం. ఛాతీ మీద అడ్డంగా రెండు తెల్ల పట్టీలు.

ఆ పట్టీల వల్ల ఆఫీసుకు పోవడం కష్టమైంది. పొద్దున రాయదుర్గం మెట్రో దిగి అందరం ఒకే వైపు నడుస్తాం. ఒక భుజం నుంచి ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ, మెడలో గుర్తింపు కార్డు తాడు. ఛాతీ మీద రెండూ కలిసే చోట ఆ సైనికుల పట్టీల్లాగే కనిపించేవి. అందరూ కిందికి చూస్తూ, చలికి ముడుచుకున్నట్టు ఏసీ భవనాల్లోకి నడిచేవాళ్లు. ఆ గుంపులో నడక అన్నలాగే ఉన్నవాడు రోజూ ఒక్కడైనా ఉండేవాడు. నేను వేగంగా నడిచి దాటేదాన్ని. ముఖం చూడకుండానే దాటేదాన్ని.

బ్రష్షుల సంగతి ఇంకా చెప్పలేదు. మొన సన్నగా నిలవాలని అన్న బ్రష్షును పెదవుల మధ్య పెట్టి తిప్పేవాడు. "ఎంగిలి బ్రష్షుతోని ఏసిన బొమ్మలు గెలుస్తాయారా?" అని అమ్మ తిట్టేది. అన్న పోయాక మొదటిసారి ఆ బ్రష్షు నీళ్లలో ముంచినప్పుడు మొన చీలిపోయి నిలబడింది. కాసేపు చూసి, నేను కూడా నోట్లో పెట్టుకున్నాను. చేదుగా ఉంది. కర్ర మీద పంటిగాట్లు ఉన్నాయి. నా పళ్లు సరిగ్గా ఆ గాట్లలో కూర్చున్నాయి.

నెలలు గడిచేకొద్దీ చెయ్యి తిరిగింది. తిరగడంలోనే భయం మొదలైంది. బ్రష్షు కడిగాక గ్లాసు అంచుకు రెండుసార్లు తట్టేదాన్ని. అది అన్న అలవాటు. నాకు ఎప్పుడు వచ్చిందో తెలియదు. అన్న వేసిన సైనికులందరి చూపూ కొంచెం ఎడమకు ఉంటుంది, ఎవరో పిలిస్తే తిరిగినట్టు. నేను నేరుగా చూసేలా వేద్దామని కూర్చునేదాన్ని. ఆరాక చూస్తే వాడూ ఎడమకే చూస్తుండేవాడు. ఒక ఆదివారం బల్ల మీద అందరినీ కలిపి నిలబెట్టి, అన్నవి ఒక పక్కకు, నావి ఒక పక్కకు తీద్దామనుకున్నాను. తియ్యలేకపోయాను. చాలాసేపు నా చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇవతల అమ్మ తన మాట పని తను చేస్తోంది. సంబంధాలు వస్తున్నాయి. పటాన్‌చెరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి తల్లి నా వేళ్లను చూసి, "ఏందమ్మా, గోర్ల నిండ నీలం?" అంది. "బొమ్మలకు రంగులేస్తది," అని అమ్మ గర్వంగానే చెప్పింది. "సిపాయిల బొమ్మలకు." ఆమె కొడుకు వైపు చూసింది, కొడుకు ఫోను వైపు చూశాడు. మళ్లీ ఫోను రాలేదు. అమ్మ ఆ సాయంత్రమంతా గిన్నెలు గట్టిగా కడిగింది. చెప్పేద్దామనుకున్నాను. కాకి దిగింది నీ మాటకు కాదమ్మా, అని. కానీ కొడుకు తన మాట విని తిన్నాడని నమ్మబట్టే అమ్మ తను తినగలుగుతోంది. ఆ నమ్మకాన్ని ఎలా లాక్కోను?

సంవత్సరీకం దగ్గరపడింది. చివరి సైనికుడికి రంగు పూర్తయింది. కోకాపేట స్నేహితుడికి ఫోను చేసి, సంవత్సరీకానికి ముందు వచ్చే ఆదివారం బల్ల కావాలని అడిగాను. "తప్పకుండా రండి. మా రష్యావాళ్లు కూడా ఏడాదిగా పెట్టెలోనే ఉన్నారండి," అన్నాడు.

ఇక మిగిలింది వార్నిష్. చేతులు తగిలి రంగు పోకుండా పైన కొట్టే పూత. అన్న ఎప్పుడూ ఎండాకాలంలోనే కొట్టేవాడు. ఎందుకో నేను అడగలేదు. వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం బాల్కనీలో పాత పేపరు పరిచి, అందరినీ నిలబెట్టి, స్ప్రే డబ్బా ఊపి ఆ చివర నుంచి ఈ చివరిదాకా కొట్టాను. తడిగా మెరిశారు. లోపలికి వెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చాను.

తెల్లబడ్డారు. అందరూ. నీలం లేదు, ఎరుపు లేదు. టోపీల మీద, భుజాల మీద, ముఖాల మీద సన్నటి తెల్లని పొర. కళ్లు పోయాయి. నేను పుస్తకంలో చదివి అన్నకు వినిపించిన మంచు వచ్చి వాళ్ల మీద పడినట్టుంది. ఒకణ్ణి తీసి వేలితో రుద్దాను. పోలేదు. ఎడమకు చూసే ఆ చూపు ఏ ఒక్కరిలోనూ లేదు. ఏడాదంతా నా చేతుల్లో ఉన్నదేదో అప్పుడే లేచి వెళ్లిపోయిందనిపించింది. నేలమీద కూలబడి గట్టిగా ఏడ్చాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? ఏందే గిది, సున్నమేసినవా?"

నేను స్ప్రే డబ్బా చూపించాను. అమ్మే నా ఫోను తీసి కోకాపేట అతనికి కలిపి, స్పీకరు పెట్టి నా ముందు పట్టింది. ఎలాగో చెప్పాను.

"అయ్యో, వానాకాలంలో కొట్టారా? గాలిలో తేమకి అలా తెల్లబడుతుందండి. నాకూ ఒకసారి అయింది. రంగు కిందే ఉంటుంది, ఎక్కడికీ పోదు. పల్చగా నూనె రాసి చూడండి. ఆలివ్ ఆయిల్ ఉందా?"

"మా ఇంట్ల కొబ్బరినూనె తప్ప ఏముంటది బిడ్డా?" అంది అమ్మ.

"అదైనా రాయండి ఆంటీ. ఒక్కడికి రాసి చూడండి ముందు."

అమ్మ తల దువ్వుకునే చోటి నుంచి నూనె సీసా తెచ్చి నా పక్కన కూర్చుంది. అరచేతిలో ఒక చుక్క పోసుకుని, చిటికెనవేలు అద్ది, ఒక సైనికుడి టోపీ మీద నుంచి కిందికి రాసింది. ఆ వేలి వెనకే నీలం తేలింది. తర్వాత పట్టీలు, చెంప. తర్వాత కళ్లు, ఎడమకు చూస్తూ.

"ఆదివారం ఆదివారం వాని తలకు గిట్లనే రాస్తుంటి," అంది. "వద్దు వద్దనుకుంట కూసుంటుండె."

ఇద్దరం ఒక్కొక్కణ్ణే తీసుకుని రాశాం. నేను బ్రష్షుతో, అమ్మ వేలితో. చాలామంది అయ్యాక అమ్మ చెయ్యి ఆగింది. తెలుపు కింద నుంచి చిలకపచ్చ బయటికి వచ్చింది. అంచు ఎరుపు. అమ్మ ఆ బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"గిది నా చీర."

"అవును."

"వాడేసిండా, నువ్వేసినవా?"

"అన్ననే. ఇది మాత్రం అన్నదే."

అమ్మ వాణ్ణి ఒళ్లో పెట్టుకుని మిగతావాళ్లకు రాస్తూనే ఉంది. తల ఎత్తకుండానే అంది, "ఆ పొద్దు పిట్ట నా మాటకు రాలే."

నేను చేతిలోని సైనికుణ్ణి పేపరు మీద పెట్టాను.

"నాకు తెల్వదా? పెండ్లి చేస్తనని చెప్పి శానసేపు చూసిన. రాలే. నువ్వు తల వంచినవు, నీ పెదవులు కదిలినయ్. అప్పుడు దిగింది. ఏం చెప్పినవే వానికి?"

"ఇదే. వీళ్లను పూర్తి చేస్తానని."

"అనుకున్న. పొద్దున లేస్తే గా బొమ్మలే, సాయంత్రం గా బొమ్మలే. ఇంకేముంటది?"

"మరి సంబంధాలు ఎందుకు చూశావు?"

"పెండ్లి నా కోరిక. వాంది కాదు." నూనె చేతిని మోకాలికి తుడుచుకుంది. "నాక్కూడ ఏదన్న పని ఉండాలె కదనే."

కోకాపేటకు అమ్మ కూడా వచ్చింది. అంత ఎత్తు నుంచి కిందికి చూడనని కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. మా సైన్యం మొత్తం, విరిగిన తుపాకులతో, లేని పాదాలకు నేను మైనంతో చేసిన పాదాలతో, మొదటిసారి పూర్తిగా బల్ల ఎక్కింది. గది నిండా కొబ్బరినూనె వాసన. ఆ స్నేహితుడు ఒకసారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పాచికలు నాకు కలిసిరాలేదు. ఆకుపచ్చ కోట్లు గుట్ట దిగి వస్తుంటే అమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"మనోళ్లు ఎవరే?"

"నీలం కోట్లోళ్లు."

"నా చీర కప్పుకున్నోడు ముంగట ఉన్నడేంది? వాన్ని జర ఎన్కకు పెట్టు."

"ఆంటీ, మీ అమ్మాయి టర్న్ అయిపోయిందండి."

"అయితే ఏంది బిడ్డా? వాడొక్కడు ఎన్క ఉంటే నీకేం పోయింది?"

అతను నా వైపు చూశాడు, తర్వాత తనే వంగి, రెండు వేళ్లతో వాణ్ణి ఎత్తి, గుట్ట వెనక ఇంటి చాటున పెట్టాడు. మేం ఓడిపోయాం. వాడొక్కడు మిగిలాడు.

సంవత్సరీకం రోజు విస్తరి పెట్టి మేం వెనక్కి తిరగకముందే కాకి వచ్చి ముట్టింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఇంటికి వస్తుంటే దారంతా ఖాళీగా అనిపించింది. మాట తీరింది. ఇక రమ్మనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆఫీసు దారిలో ఆ నడక కూడా కనబడడం మానేసింది. నేను ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాను, అయినా కనబడదు.

చలికాలం వచ్చింది. మా లింగంపల్లిలో తెల్లవారుజామున చలి బాగానే ఉంటుంది. ఒక పొద్దున బీరువా వైపు చూసి ఆగిపోయాను. సైన్యం మళ్లీ తెల్లబడింది. అమ్మను పిలిచాను. అమ్మ చూసి, వెళ్లి నూనె సీసా తెచ్చి చూపించింది. నూనె గడ్డకట్టి ఉంది.

ఎండలో ఒక్క నిమిషం పెడితే చాలు, కరిగిపోతుంది. నేను బీరువా తలుపు తియ్యబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. అదే పోతది."

అప్పటి నుంచి చలి పొద్దులన్నీ అలాగే. చాయ్ గ్లాసులు పట్టుకుని ఇద్దరం బీరువా ఎదురుగా నేలమీద కూర్చుంటాం. ఎండ కిటికీలోంచి వచ్చి, గోడ దాటి, అద్దం మీదికి చేరడానికి చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా వాళ్లకు ముఖాలుండవు. తర్వాత ఒక్కొక్కరి చూపూ ఎడమకు తిరుగుతుంది. మా ఇంట్లో వాళ్లకు ఎడమవైపు ఉన్నది అన్న గది తలుపు. చిలకపచ్చ చీరవాణ్ణి అమ్మ వెనక వరసలో, మూలన పెట్టింది. ఎండ అక్కడికి అందరికంటే ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేదాకా అమ్మ లేవదు, నేనూ లేవను.